రేడియో అక్క పీచుకోడి

బస్సు డిపోలో రేడియో అక్క తెలియనివాళ్లు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం జీతాల గుమాస్తా కూడా తల గోక్కునేవాడు. పొద్దున్న ఆరింటికి క్యాంటీన్ గది తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం నాలుగింటికి మళ్లీ తాళం వేసేదాకా ఆవిడ నోటికి విశ్రాంతి ఉండేది కాదు. ఏ డ్రైవరు కూతురికి సంబంధం కుదిరింది, ఏ కండక్టరు అత్తగారు బాత్రూంలో జారిపడింది, ఎవరింట్లో కుక్క ఎవర్ని కరిచింది, అన్నీ అక్కడే తెలిసేవి. కొత్త కబురేమీ లేని రోజు నిన్నటి కబురే ఇంకాస్త ఉప్పూ కారం వేసి చెప్పేది.

"నీకు బ్యాటరీ ఎక్కడ పెట్టారో చెప్పు రేడియో, పీకి మా బస్సుకి పెట్టుకుంటాం" అనేవాడు టైర్లు మార్చే ఆయన. మనిషి ట్రాక్టరంత ఉంటాడు. వరస లేకపోయినా ఆవిడకి బావ.

"నా బ్యాటరీ పెడితే నీ బస్సు ఆగమన్నా ఆగదు బావా. తర్వాత నీ ఇష్టం."

అంత వాగే మనిషి ఇంటి గుమ్మం తొక్కితే మూగదైపోయేది. ఆవిడ మొగుడు ఈ డిపోలోనే డ్రైవరు. పదకొండేళ్ల కిందట స్టీరింగు ముందే గుండె ఆగి పోయాడు. పోతూ పోతూ బస్సు పక్కకి తీసి, బ్రేకు వేసి, మరీ పోయాడు. నలభై మంది దిగి ఇళ్లకి వెళ్లారు. ఆ మంచితనానికే డిపో వాళ్లు ఆవిడకి క్యాంటీన్ గది ఇచ్చారు. ఉండటం మాత్రం తోడికోడలి ఇంట్లో, వెనక గదిలో. తోడికోడలు చెడ్డదేం కాదు. చెడ్డదైతే కనీసం తిట్లైనా వినపడేవి. కంచం పెడుతుంది, టీవీ ముందు కూర్చుంటుంది, లైటు తీస్తుంది, అంతే. "ఎలా ఉన్నావక్కా" అన్న మాట పదకొండేళ్లలో ఆ ఇంట్లో పుట్టలేదు. అందుకే సాయంత్రం నాలుగు నుంచి పొద్దున్న ఆరు దాకా నోట్లో ఊరిన మాటలన్నీ క్యాంటీన్ తలుపు తీయగానే వరద గేటు ఎత్తినట్టు వచ్చిపడేవి.

నాలుగేళ్ల కిందట అగ్నిమాపకం వాళ్లు తనిఖీకి వచ్చి, డీజిలు పీపాలకి పాతిక అడుగుల దూరంలో గ్యాసు పొయ్యి ఉండటం చూసి గుండెలు బాదుకున్నారు. ఆ రోజుతో పొయ్యి పోయింది. మంట అన్నది కనపడకూడదన్నారు. గది మూసేయాల్సిందే అనుకున్నారంతా. అప్పుడు బోల్టు బాబాయ్ ఒక దారి చూపించాడు. బాబాయ్ అంటే డిపో హెడ్ మెకానిక్కు. బక్కపలచటి మనిషి, నెత్తి ఒక్క వెంట్రుక లేకుండా నున్నగా మెరుస్తూ ఉంటుంది. బస్సుల్లో జనం మర్చిపోయిన సామాన్ల గదిలో ఏడాదిగా ఎవరూ అడగని కరెంటు కుండ ఒకటుంది. పింగాణీ గిన్నె, అద్దం మూత, తిప్పటానికి ఒక్క మర, దాని మీద మూడు గుర్తులు: ఆఫ్, తక్కువ, ఎక్కువ. స్లో కుక్కర్ అంటారు దాన్ని. వాడే విధానం చెప్పే పుస్తకం మాత్రం లేదు. మర్చిపోయిన వాళ్లు దాన్ని ఇంట్లోనే మర్చిపోయి ఉంటారు.

మొదటి వారం రేడియో అక్కని ఆ కుండ ఏడిపించింది. పొద్దున్న పెట్టిన కోడి మధ్యాహ్నానికీ రబ్బరులాగే ఉంది. టైరు బావ ఒక ముక్క పట్టుకుని రెండు చేతులా సాగదీసి, "ఇది నాకిచ్చెయ్, వెనక చక్రానికి అతుకేస్తా" అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆవిడా నవ్వింది కానీ ఆ ఆదివారం కుండని ఇంటికి మోసుకెళ్లి, వెనక గదిలో గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. అప్పుడు తెలిసింది సంగతి. అద్దం మూతకి లోపల ఆవిరి పట్టి ఏమీ కనపడదు. కనపడట్లేదని మూత తీసి చూస్తే, ఆ పట్టిన వేడంతా ఒక్క ఊపున పైకి పోతుంది. మళ్లీ ఆ వేడి పుంజుకోవటానికి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. ఈ కుండకి నిప్పు లేదు, తొందర లేదు. పట్టిన వేడిని పొదివి పట్టుకోవటమే దానికి తెలిసిన విద్య. మూత తీయకపోతే ఆరున్నర గంటల్లో కోడి దానంతటదే విడిపోతుంది.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. ఎవరూ అడగలేదు. కుండ ఎప్పుడూ ఆవిడ మోకాలి పక్కనే ఉండేది, ఇంకొకరి చెయ్యి దాని మీద పడే సందే లేదు.

తర్వాత చేయి తిరిగింది. అడుగున చక్రాల్లా తరిగిన ఉల్లిపాయలు పరిచేది. వాటి మీద ఎముకా తోలూ తీసిన తొడ ముక్కలు. నీళ్లు చుక్క పొయ్యదు. కోడీ ఉల్లీ కలిసి వాటి నీళ్లు అవే వదులుతాయి. టమాటా సాసు, పుల్లటి వెనిగరు, బెల్లం తురుము, ఆవపిండి, నలిపిన వెల్లుల్లి, మిరియాలు, పొగబెట్టిన మిరపపొడి, అన్నీ కలిపితే బార్బెక్యూ సాసు. అందులో సగం ముందు పోసేది, సగం గిన్నెలో దాచేది. ముక్కలు ఉడికాక బయటికి తీసి, రెండు ఫోర్కులతో అటొకటి ఇటొకటి పట్టి లాగితే, పాత తాడు పోగులు విడినట్టు విడిపోయేవి. ఆ పీచునంతా మళ్లీ రసంలో వేసి, దాచిన సాసు కలిపి, ఇంకో పావుగంట. ఆపైన బన్ను మధ్యలో గరిటెడు. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో బన్ను.

"బార్బెక్యూ అంటే నిప్పుల మీద కాల్చాలి కదా, నిప్పులేవీ?" అని అడిగాడు టైరు బావ మొదటిసారి.

"నిప్పు పెడితే ముందు నీ టైర్లు కాలతాయి. నోరు మూసుకుని తిను."

తిన్నాడు. నాలుగు తిన్నాడు. పేరు కూడా ఆయనే పెట్టాడు, పీచుకోడి అని. వారానికి మూడు రోజులు పీచుకోడి. ఆ మూడు రోజులూ ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేవాళ్లు డిపోలో ఉండేవాళ్లు కాదు.

మొన్న వానాకాలంలో మేనేజరు ఆవిణ్ని పిలిచాడు. ఎదురుగా కూర్చోమన్నాడు. కూర్చోమన్నప్పుడే ఆవిడకి అనుమానమొచ్చింది, ఎందుకంటే అంతకుముందెప్పుడూ కూర్చోమనలేదు.

"పెద్దాఫీసు వాళ్లు మిషను పెడతామంటున్నారమ్మా. మీట నొక్కితే పొట్లం వస్తుంది, రెండు నిమిషాల్లో వేడెక్కుతుంది. మన గదిలోనే పెడతారట."

"మరి నేనెక్కడ కూర్చోవాలి సార్?"

మేనేజరు కాయితాలు సర్దాడు. "నేను చెప్పాల్సింది చెప్పాను. మా డ్రైవర్లకి ఆవిడ వంటే ఇష్టం, ఒకసారి తిని చూడండి అన్నాను. బుధవారం ఒంటిగంటకి వస్తారు. మిషను కంపెనీ వాడూ వస్తాడు. రెండూ తిని చూస్తారు. బాగుంటే గది నీదే. ఒంటిగంట అంటే ఒంటిగంటే, రెండింటికి వాళ్లు ఇంకో డిపోకి వెళ్లాలి. ఇంకోటి, వంటవాళ్ల ఆరోగ్య పత్రం అడుగుతారు. నీది గడువు దాటింది."

ఆ పత్రం మీద ముద్ర వేసే ఆఫీసు వారంలో ఒక్క పూటే తీస్తారు. అదీ బుధవారం పొద్దున్నే. దరిద్రం ఎప్పుడూ ఒంటరిగా రాదు, చుట్టాన్ని వెంటేసుకుని వస్తుంది.

బుధవారం రేడియో అక్క అయిదున్నరకే వచ్చింది. ఆరింటికల్లా ఉల్లిపాయలు, ముక్కలు, సాసు, అన్నీ పడ్డాయి. మూత పెట్టి, మర 'తక్కువ' మీదకి తిప్పింది. ఆరు నుంచి ఆరున్నర గంటలు, పన్నెండున్నర. పీచు తీయటానికి పావుగంట, మళ్లీ కలపటానికి పావుగంట. ఒంటిగంట. లెక్క గీత గీసినట్టు సరిపోయింది.

ఏడూ ముప్పావుకి చీర కొంగు దోపుకుని బోల్టు బాబాయ్ దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, పోయినసారి ఎవరో సెల్లు చార్జింగు పెట్టుకోవటానికి నా కుండ ప్లగ్గు పీకబోయారు. ఇవాళ మాత్రం ఆ ప్లగ్గు మీద ఈగ వాలకూడదు. నేను పదకొండున్నరకి వచ్చేస్తా."

"నువ్వెళ్లమ్మాయ్. ఇవాళ అది కుండ కాదు, మన డిపో బండి. నేనూ మీ బావా కాపలా ఉంటాం."

"ప్లగ్గు బాబాయ్."

"చెప్పావుగా. వెళ్లు."

దారి పొడవునా, క్యూలో నిలబడ్డంతసేపూ ముందు మనిషికీ వెనక మనిషికీ పీచుకోడి కథంతా చెప్పింది. ఉల్లిపాయలు ఎలా పరచాలో చెప్పింది, వెనిగరెంతో చెప్పింది, మూత తీయకూడదని కూడా చెప్పింది. ముక్కూ మొహం తెలియని వాళ్లకి చెప్పింది ఆ మాట.

ఇక్కడ బోల్టు బాబాయ్ సంగతి చెప్పాలి. బాగుచేసిన ఇంజనుని డిపోలో నాలుగు గంటలు ఊరికే తిప్పి చూస్తారు. ఆ నాలుగు గంటలూ అరగంటకోసారి బానెట్ ఎత్తాలి, నూనె చూడాలి, నీళ్లు చూడాలి, చీటీ మీద టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. చాలా ఏళ్ల కిందట ఒకడు బానెట్ ఎత్తకుండానే "అంతా బాగుంది" అని రాస్తే ఇంజను మాడి బొగ్గయింది. అప్పట్నుంచి బాబాయ్ మాట ఒకటే: కంటితో చూడనిది బాగుందనకు. ఆయన కింద పనిచేసిన వాళ్లంతా నిద్రలో లేపినా అదే చెబుతారు. తిరుగుతున్న దేన్నీ తెరిచి చూడకుండా వదిలేయటం వాళ్ల చేతుల్లో లేదు.

రేడియో అక్క పదకొండూ నలభైకి ముద్ర వేసిన పత్రం గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చింది. క్యాంటీన్ తలుపు దగ్గర బాబాయ్, బావ, ఇద్దరూ ఇస్త్రీ బట్టలేసుకుని స్టూళ్ల మీద కూర్చున్నారు. బావ తల దువ్వుకున్నాడు కూడా.

"ప్లగ్గు?" అంది.

"ప్లగ్గేం ఖర్మ!" అన్నాడు బావ. "చూసుకో."

కుండ పిడికి తీగ కట్టి ఒక చీటీ వేలాడుతోంది. ఇంజను పరీక్ష చీటీ. ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిది... పదకొండున్నర దాకా. ప్రతి వేళ పక్కనా టిక్కు. ప్రతి టిక్కు పక్కనా బాబాయ్ సంతకం. ఎనిమిది.

"అరగంటకోసారి మూత తీసి చూశామమ్మాయ్" అన్నాడు బాబాయ్. "ఒక్కసారి తప్పలేదు. కిందామీదా తిప్పి మరీ పెట్టాం. ఇంజనుని కూడా ఇంత జాగ్రత్తగా చూళ్లేదు నేను."

"వాసన చూశావా?" అన్నాడు బావ. "ముక్క తినలేదు, ఒట్టు. అడుగు బాబాయ్‌ని."

ఆవిడ టిక్కులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. మూత మీద చెయ్యి వేసింది. గోరువెచ్చగా ఉంది, అంతే. కాలాల్సిన వేళకి గోరువెచ్చగా ఉంది.

"ఏమైందే?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా. బాగా చూసుకున్నారు." మర 'ఎక్కువ' మీదకి తిప్పింది. పైన రెండు తువ్వాళ్లు మడతపెట్టి కప్పింది. ఇక స్టూలు లాక్కుని కుండ పక్కన కూర్చుంది. వాళ్లిద్దరూ కాసేపు ఎదురుచూశారు, ఆఫీసులో ఏం జరిగిందో మొదలుపెడుతుందేమోనని. మొదలుపెట్టలేదు.

ఒంటిగంటకి ముగ్గురు అధికారులు వచ్చారు. ముందు నడిచింది కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, మొహం మంచిదే. మిషను కంపెనీ వాడు అప్పటికే వరండాలో బీరువా అంత పెట్టె నిలబెట్టి అద్దం తుడుస్తున్నాడు. పనిలో ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అంతా కిటికీల దగ్గర మూగారు.

రేడియో అక్క మూత తీసింది. ఒక ముక్క పళ్లెంలోకి తీసి రెండు ఫోర్కులు గుచ్చి లాగింది. విడలేదు. ముక్క పళ్లెం అంచు దాకా జారి ఆగింది. మళ్లీ గుచ్చింది. నడిమధ్య కత్తి పెట్టి చూసింది. లోపల ఇంకా ఎర్రగా ఉంది.

"కొంచెం చాలమ్మా, రుచి చూస్తాం" అంది పెద్దావిడ.

"ఉడకలేదు మేడం. ఉడకని కోడి నా చేత్తో ఎవరికీ పెట్టను."

"ఎంతసేపు పడుతుంది?"

"గంటన్నర. ఇంకా ఎక్కువేనేమో."

పెద్దావిడ గడియారం చూసుకుంది. మేనేజరు గోడ చూస్తున్నాడు.

"డ్రైవర్లు డ్యూటీ ఎక్కే వేళకి కూడా ఇంతేనా?"

"లేదు మేడం. నాలుగేళ్లలో ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఎవర్నైనా అడగండి."

"నేను తిట్టటానికి అడగట్లేదమ్మా. మరి ఇవాళ ఏమైంది?"

గుమ్మంలో బాబాయ్ నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. ఆయన వెనక బావ. ఏమైందో వాళ్లకీ అర్థం కాక ఆవిడ నోటివంకే చూస్తున్నారు. పిడికి చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. జరిగింది చెబితే పెద్దావిడ ఇంకో బుధవారం ఇచ్చేదేమో. ఇచ్చే మొహమే.

"కోడి ముదురుది మేడం" అంది రేడియో అక్క.

పెద్దావిడ పుస్తకంలో ఏదో రాసుకుంది. వరండాలో మిషను కంపెనీ వాడు మీట నొక్కాడు. రెండు నిమిషాలకి పొట్లం పడింది.

"ఆ కోళ్లవాణ్ని రేపు నేను చూసుకుంటా" అని పళ్లు నూరాడు బావ. "ముసలి కోడి అంటగడతాడా మా రేడియోకి!"

"వాణ్నేం అనకు బావా" అంది.

మూడింటికి పీచుకోడి సిద్ధమైంది. ఫోర్కు ఆనిస్తే చాలు, విడిపోయింది. ఇన్నేళ్లలో అంత మెత్తగా, అంత బాగా ఎప్పుడూ కుదరలేదని తిన్నవాళ్లంతా అన్నారు. అని, తల దించుకుని తిన్నారు. ఆవిడ ముట్టలేదు. కుండ కడిగి, తుడిచి, చీటీ విప్పి పారేయబోతే బాబాయ్ అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఉండనీ అమ్మాయ్. మన వంతు మనం చేశాం అనటానికి గుర్తు."

ఒకటో తారీకుకి మిషను గదిలోకి వచ్చింది. అందులోంచి పొట్లం పడగానే "ధన్యవాదాలు" అంటుంది. "ఇదీ మాట్లాడుతుంది గానీ ఒక్క ముక్కే వచ్చు" అన్నాడు టైరు బావ. ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్లీ ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవటం మొదలుపెట్టాడు.

మేనేజరు మంచివాడు కాబట్టి రేడియో అక్కకి బస్సులు ఊడ్చే పని ఇప్పించాడు. షెడ్డు వెనక, ఖాళీ బస్సులు, బస్సుకి నలభై రెండు సీట్లు. సీట్లకి ఏం కబుర్లు చెబుతారు? మొదట్లో బస్సు దిగే డ్రైవర్లతో రెండు మాటలు ఆడేది. వాళ్లకి ఇల్లు చేరే తొందర. కబుర్లు తెచ్చేవాళ్లే లేకపోతే చెప్పటానికి కబుర్లెక్కడివి? వానలు వెలిసేసరికి కొత్తగా చేరినవాళ్లు ఆవిణ్ని 'ఊడ్చే ఆమె' అంటున్నారు. కుండ తోడికోడలింట్లో మంచం కింద ఉంది. ఆవిడ ఒకసారి వండుతానంది. "ఎందుకులే, కరెంటు" అంది తోడికోడలు. అది కూడా టీవీ వైపు చూస్తూనే.

చలికాలంలో బోల్టు బాబాయ్ కోడలు అలాంటి కుండే ఒకటి కొనుక్కొచ్చింది. ఆదివారం పొద్దున్న వంటింట్లో అది ఉడుకుతుంటే బాబాయ్ అటుగా వెళ్తూ, అలవాటు చొప్పున మూత ఎత్తబోయాడు.

"మామయ్యా, తియ్యకండి!" అని అరిచింది కోడలు. "తీసినప్పుడల్లా అరగంట వెనక్కి పోతుందట."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో రాసుంది. ఇదిగో."

బాబాయ్ కళ్లజోడు తెచ్చుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఆ పూట ఆయన భోజనానికి రాలేదు.

మర్నాడు షెడ్డు వెనక్కి వెళ్లాడు. ఆవిడ చివరి బస్సులో వెనక సీట్ల కింద వంగి ఊడుస్తోంది. ఆయన ఫుట్‌బోర్డు మెట్టు మీద నిలబడ్డాడు. చేతిలో చీటీ ఉంది, మడతలు పడి, నూనె మరకలతో.

"అమ్మాయ్."

"ఏంటి బాబాయ్?"

"ఆ రోజు కోడి..."

చీపురు ఆగింది. మళ్లీ కదిలింది. "ముదురుది బాబాయ్."

"ఎనిమిది సార్లమ్మాయ్. నా చేత్తోనే."

"ముదురుకోడి బాబాయ్. ఎంతసేపు పెట్టినా అంతే."

ఊడ్చుకుంటూ ముందుకొచ్చి చేట ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. అందులో చిరిగిన టికెట్లు, వేరుశనగ తొక్కలు. బాబాయ్ చీటీని చేట మీదకి తెచ్చాడు. వేళ్లు విడలేదు. మళ్లీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఎవరింట్లో ఏం జరిగింది, ఎవరికి పిల్ల పుట్టింది, ఏదో ఒకటి అంటుందేమోనని ఇంకాసేపు మెట్టు మీదే నిలబడ్డాడు. ఆవిడ చేట ఎత్తుకుని రెండో వరస సీట్ల వైపు వెళ్లింది. బస్సులో చీపురు చప్పుడే వినపడింది.